మిర్యాలగూడ ముక్కు

మొట్టమొదట నేను చూసిన మెదడు మేకది. సూర్యాపేటలో మా ఇంట్లో ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చాక తలకాయ కూర వండేవాళ్ళు. అమ్మ వండేది, పెద్దక్క వడ్డించేది. అందులో భేజా ఎవరి కంచంలో పడాలన్నది పూర్తిగా అక్క ఇష్టం. ఎవరికి పరీక్షలు దగ్గరపడితే వాళ్ళకు, పరీక్షలు లేని రోజుల్లో జ్వరం వచ్చి లేచినవాళ్ళకు. ఈ రెండింట్లో ఏదీ కానివాళ్ళు ఎముకలు చప్పరించుకోవాల్సిందే. ఎంత అలిగినా, ఎంత ఏడ్చినా అక్క తీర్పు మారేది కాదు.

నాకు మాత్రం దాన్ని తినడం కంటే చూడడం మీద ఆశ ఎక్కువ. కూరలో పడ్డాక చూడడానికేముంది, మెత్తటి ముద్ద. వండకముందు చూడాలి. ఆ ముడతలు, వాటి మీద పల్చటి పొర, పొరలో సన్నటి ఎర్రటి నాళాలు. అమ్మకు నేను వంటింట్లో అడ్డం పడడం నచ్చేది కాదు. అక్కే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, గోటితో ఆ పొరను మెల్లగా తీసి, "సూస్కో. కండ్ల నిండ సూస్కో. మళ్ల మళ్ల అడగకు" అనేది. నేను మళ్ళీ మళ్ళీ అడిగేదాన్ని. ఆమె మళ్ళీ మళ్ళీ చూపించేది. అక్క నాకంటే చాలా పెద్దది, అప్పటికే టీచరు ట్రైనింగు చేస్తోంది. ఆమెకు మొదటి విద్యార్థిని నేనే.

ఆ తర్వాత చదువు నన్ను సూర్యాపేట డిగ్రీ కాలేజీ నుంచి హైదరాబాదుకు, అక్కడినుంచి ఇంకొన్ని ఊళ్ళకు తిప్పి, చివరికి హైదరాబాదులోనే ఒక విశ్వవిద్యాలయంలో కుదురుగా కూర్చోబెట్టింది. మెదడు, నరాలు ఎలా పనిచేస్తాయో చదవడం, చెప్పడం నా ఉద్యోగం. కొత్తగా చేరిన పిల్లలు ప్రతి ఏడూ ఒకటే ప్రశ్న వేస్తారు, మేడం మీరు ఈ రంగంలోకి ఎలా వచ్చారు అని. ఏదో గొప్ప జవాబు వస్తుందని పెన్నులు కూడా తీస్తారు. "కూర బాగుండి" అంటాను. పెన్నులు జేబుల్లోకి వెళ్ళిపోతాయి.

ఇది పూర్తిగా వేళాకోళం కూడా కాదు. పాఠం చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో క్లాసులో చూపించడానికి మెదడు కావాల్సి వచ్చేది. ప్లాస్టిక్ బొమ్మతో చెబితే నాకు తృప్తి ఉండదు. మటన్ దుకాణానికి వెళ్ళేదాన్ని. అక్కడో చిక్కు. దుకాణం అతను తలకాయను కత్తి మొద్దు మీద పెట్టి ఒక్క వేటుతో నడిమికి చీల్చేవాడు. కూరకు అదే వాటం. నాకేమో మెదడు చెక్కుచెదరకుండా కావాలి. అతనితో ప్రతివారం తగువే. చివరికి ఒకరోజు అతను విసిగిపోయి, "మొత్తం భేజా ఎందుకు మేడం, ఇంట్ల ఎవరికన్న పరీక్షలా?" అని అడిగాడు. "అవును, అరవై మందికి" అన్నాను. అతను ఆ రోజు నుంచి నన్ను చాలా జాలిగా చూసేవాడు.

మెదడు ఒక్కటే అయితే బాగుండేది. నా బుద్ధి ఒకచోట ఉండేది కాదు. నడివయసులో ఉర్దూ లిపి నేర్చుకున్నాను, బజారులో బోర్డులు చదవడానికి. పిట్టల అరుపులు పోల్చడం కొన్నాళ్ళు. మా చర్చిలో మూల పడి ఉన్న హార్మోనియం బాగుచేయించి కొన్నాళ్ళు. జొన్నరొట్టె చేత్తో కొట్టడం నేర్చుకోవడానికి నడిగూడెంలో ఒక పెద్దమ్మ దగ్గర కూర్చుని వారం పాటు పిండి పాడుచేశాను. చేతికి పని ఎలా పడుతుందో, మెదడులో అది ఎక్కడ కుదురుకుంటుందో తెలుసుకుందామని. తెలుసుకున్నాను కానీ రొట్టె మాత్రం ఇప్పటికీ అంచుల దగ్గర చిరుగుతుంది. హైవే మీద లారీల వెనక రాతలు రాసుకోవడం ఇంకో పిచ్చి. అక్కకు ఇవన్నీ చిరాకు. "ఒక్క కాడ నిలకడ లేదే నీకు. కోడిపిల్ల లెక్క అన్ని గెలుకుతవ్" అనేది.

గెలికి గెలికి చివరికి వాసనల దగ్గర ఆగాను. వాసన సంగతి మిగతా ఇంద్రియాల లాగా కాదు. చూపుకీ వినికిడికీ దారిలో మజిలీలున్నాయి. వాసన మాత్రం ముక్కు పైభాగం నుంచి దాదాపు తిన్నగా మెదడులోకి దూరిపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. చేతులు వణికించి, నడకను బిగించే జబ్బు, మతిమరుపు జబ్బు, ఇలాంటి కొన్ని బయటపడడానికి చాలా ఏళ్ళ ముందే కొందరిలో వాసన తగ్గిపోతుంది. వాసన తగ్గినవాళ్ళందరికీ ఆ జబ్బులు వస్తాయని కాదు. జలుబుకు తగ్గుతుంది, పెద్ద జ్వరానికి తగ్గుతుంది, వయసుకు తగ్గుతుంది. ఎవరికి ఎందుకు తగ్గిందో విడదీసి చెప్పగలిగితే ఆ జబ్బులను ముందే కనిపెట్టొచ్చు. ఈ పదేళ్ళుగా నేను పట్టుకుని వేలాడుతున్నది దీన్నే.

దానికి ముందు పరీక్ష ఒకటి కావాలి కదా. బయటి దేశంలో తయారైన ఒక పెట్టె తెప్పించాం. అందులో పెన్నుల్లాంటి గొట్టాలు, ఒక్కోదానిలో ఒక్కో వాసన. వాటిని సూర్యాపేటకు పట్టుకెళ్ళి ఒక హాలులో పెద్దవయసు వాళ్ళను పిలిచి కూర్చోబెట్టాం. పద్ధతి ఏమిటంటే, వాసన చూపించి నాలుగు పేర్లు చెబుతాం, అందులో ఒకటి ఎంచుకోవాలి. నిమ్మకాయ గొట్టం చూపిస్తే ఒకాయన, "అంట్ల సబ్బు" అన్నాడు. ఆ పేరు నాలుగింట్లో లేదు. లవంగం చూపిస్తే, "పండ్ల డాక్టరు దవాఖాన" అన్నాడు. గులాబీ చూపిస్తే ఒక అవ్వ, "శవం కాడ ఏసే అత్తరు" అని మొహం తిప్పుకుంది. మేం ఎన్నడూ చూడని ఏదో దేశపు చెట్టు బంక వాసన చూపిస్తే అందరూ ఏకగ్రీవంగా ఫినాయిల్ అన్నారు. ఆ పెట్టె లెక్క ప్రకారం సూర్యాపేటలో సగం మందికి ముక్కు పనిచేయదు. నాకు కోపం నషాళానికంటింది. వాళ్ళ ముక్కులు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. పెట్టెకే మా ఊరు తెలియదు.

అందుకని మా సొంత సీసాలు తయారుచేశాం. ఎల్లిగడ్డ, మెంతులు, ఇంగువ, చింతపండు, మామిడికాయ తొక్కు, కిరోసిన్, తడిసిన మట్టి. నా దగ్గర పరిశోధన చేస్తున్న తుంగతుర్తి అమ్మాయి ఒకరోజు, "ఉడికిన వడ్లు పెడదాం మేడం" అంది. మిర్యాలగూడ చుట్టూ రైసుమిల్లులు. వడ్లను ఉడకబెట్టి, ఆరబెట్టి, ఆ తర్వాత బియ్యం ఆడతారు. ఆ ఆవిరికి ఒక వాసన ఉంటుంది, పులుపూ కాదు, తీపీ కాదు, తడిసిన గోనెసంచికీ ఉడుకన్నానికీ మధ్య ఏదో. ఒకసారి ముక్కుకు పట్టిందంటే మర్చిపోలేం. నాకు చాలా నచ్చింది. పెట్టేశాం.

కోదాడలో ఆ సీసా మూత తీస్తే జనం నవ్వేవాళ్ళు. "ఇది మిర్యాలగూడ బస్టాండండీ" అన్నాడు ఒక ఎరువుల షాపు ఆయన. సూర్యాపేటలో కూడా చాలామంది సరిగ్గానే చెప్పారు. తీరా మిర్యాలగూడ వెళ్ళి, పుట్టినప్పటినుంచీ ఆ ఆవిరిలోనే బతికినవాళ్ళకు అదే సీసా అందిస్తే ఏం జరిగిందో తెలుసా? వాసన చూశారు. ఇంకోసారి చూశారు. సీసాను వెలుతురుకు పట్టి చూశారు. "ఖాళీ సీసా ఇచ్చిన్రు మేడం" అన్నారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు, వచ్చినవాళ్ళలో ముప్పాతిక మంది. మిల్లులో పనిచేసే ఒకాయనైతే, మమ్మల్ని పరీక్షిస్తున్నారా, మా ముక్కును పరీక్షిస్తున్నారా అని కోప్పడ్డాడు కూడా.

నాకు పట్టరాని సంతోషం కలిగింది. రోజంతా చుట్టూ ఉన్న వాసనను మెదడు లెక్కలోంచి తీసేస్తుంది. మన ఇంటి వాసన మనకు తెలియదు, చుట్టాలకు తెలుస్తుంది. ఇక్కడ ఒక ఊరు ఊరే తన వాసనను మరిచిపోయింది. ఊరు వదిలి కొద్దిరోజులు ఎక్కడైనా ఉండి వస్తే మళ్ళీ తెలియాలి. మేం దీనికి 'మిర్యాలగూడ ముక్కు' అని ముద్దుపేరు పెట్టుకున్నాం.

మా అక్క ఉండేది మిర్యాలగూడలోనే. పెళ్ళయినప్పటినుంచీ అక్కడే. సర్కారు బడిలో టీచరుగా చేసి రిటైరయింది. బావ పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు. మా పరీక్షలు జరుగుతున్న హాలు వాళ్ళ ఇంటికి దగ్గర కావడంతో అక్క రోజూ ఫ్లాస్కులో చాయ్ పట్టుకుని వచ్చేది. చాయ్ పోసి, మా పని చూసి, ఏదో ఒకటి అని పోయేది. "ప్రొఫెసరమ్మా, ఇంత సదివి ఎల్లిగడ్డ వాసన సూపెడుతున్నవా జనాలకు?" అనేది. ఒకరోజు రావాల్సినవాళ్ళు రాక కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. "అక్కా, నువ్వు కూర్చోరాదూ" అన్నాను. వద్దంది. బతిమాలాను. తుంగతుర్తి అమ్మాయి కూడా బతిమాలింది. చివరికి కూర్చుంది.

సొంతవాళ్ళను నేను పరీక్ష చేయకూడదు, అది మా కట్టుబాటు. పరదా ఇవతల కూర్చుని వింటున్నాను. మొదటి సీసా ఉడికిన వడ్లు. "ఖాళీ" అంది అక్క. నాకు నవ్వొచ్చింది. అచ్చమైన మిర్యాలగూడ ముక్కు. రెండో సీసా. "ఇది గూడ ఖాళీనే." మూడోది. "ఖాళీ." తెలియకపోయినా నాలుగింట్లో ఒకటి చెప్పాలమ్మా, ఊహించి చెప్పినా ఫరవాలేదు అని అమ్మాయి బతిమాలుతోంది. "ఊకెనే ఏదో ఒకటి చెప్పుమంటే నేను చెప్ప. నా క్లాసుల గట్ల చెప్పినోళ్లకు గోడకుర్చీ ఏపిచ్చేదాన్ని" అంటోంది అక్క. అమ్మాయి నవ్వింది. నేను నవ్వలేదు. మూడో సీసా ఎల్లిగడ్డ అని నాకు తెలుసు. పరదా ఇవతలికి కూడా దాని ఘాటు వస్తోంది.

అక్క ఫ్లాస్కు తీసుకుని వెళ్ళిపోయాక అమ్మాయి కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. నా మొహంలోకి చూడలేదు.

"మిర్యాలగూడ ముక్కు" అన్నాను.

"అది ఒక్క వడ్లకే కదా మేడం..."

"జలుబు చేసుంటుంది" అన్నాను కొంచెం గట్టిగానే. జలుబు చేసిందా అని అక్కను అడగనే లేదు.

ఆ సాయంత్రం అక్క వాళ్ళింట్లోనే భోజనం. వంటింట్లో పొయ్యి పక్కన బావ నిలబడి ఉన్నాడు. ఆయన జన్మలో వంటింట్లోకి వచ్చి నిలబడ్డ మనిషి కాదు. ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా తెలియదని అక్క దెప్పుతూ ఉండేది. "ఏంది బావా, ఈ వయసుల వంట నేర్సుకుంటున్నవా?" అన్నాను. "కూసోని కూసోని యాష్టకొస్తుంది" అన్నాడు. కూర వైపు కాదు, అక్క వైపు చూస్తున్నాడు. కాసేపటికి మెల్లగా, "ఇగ దింపు" అన్నాడు. అక్క దింపింది. తాలింపు వేస్తుంటే, "సాలు, మాడుతది" అన్నాడు. అక్క పొయ్యి తగ్గించింది. ఇద్దరూ ఎంత అలవాటుగా చేస్తున్నారంటే, ఇది నిన్నమొన్న మొదలైంది కాదని నాకు అర్థమైంది. ఆమెకు ముక్కుగా ఆయన నిలబడి ఉన్నాడు.

అప్పుడు అక్క కంచాలు తేవడానికి పెరట్లోకి నడిచింది. ఎడమ చేయి మామూలుగా ఊగుతోంది. కుడి చేయి ఒంటికి అంటుకుపోయినట్టు ఉండిపోయింది. ఆ నడకను నేను ప్రతి ఏడూ క్లాసులో నడిచి చూపిస్తాను. ఇలా నడిచేవాళ్ళను చూస్తే మీకేం తోచాలి అని పిల్లల్ని అడుగుతాను. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాను. కూర బాలేదా అని అక్క రెండుసార్లు అడిగింది. బాగుంది అన్నాను. నిజంగానే బాగుంది.

ఇన్నేళ్ళ చదువు ఏం చేస్తుందంటే, చూసినదాన్ని చూడనట్టు ఉండడానికి కూడా ఒక పద్ధతి నేర్పుతుంది. వయసు లెక్కలు, వేరే కారణాలు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. భుజం నొప్పి ఉన్నా చేయి ఊగదు కదా. ఎక్కువకాలం మిల్లు ఆవిరిలో ఉంటే మిగతా వాసనలు కూడా మొద్దుబారవచ్చు కదా. దీనికి ఆధారం ఉందా అని విద్యార్థి ఎవరైనా అడిగితే నేను ఉతికి ఆరేసేదాన్ని. నన్ను అడిగేవాళ్ళు లేరు. అందుకని మా పరిశోధనలో ముందే అనుకున్న ఒక పనిని ముందుకు జరిపాను. మిర్యాలగూడ మనుషుల్ని కొద్దిరోజులు వేరే ఊళ్ళో ఉంచి, వాళ్ళకు వాసన తిరిగొస్తుందేమో చూడడం. అక్క కూతురి ఇల్లు కోదాడలో. "కొన్ని రోజులు బిడ్డ దగ్గర ఉండి రా, అక్కడే మళ్లొకసారి సూద్దాం" అన్నాను. అక్క నా మొహం వైపు కాసేపు చూసి సరేనంది.

ఆ కొద్దిరోజులు హైదరాబాదులో నేను ఏ పనీ సరిగ్గా చేయలేదు. పాఠాలు చెప్పాను, మీటింగుల్లో కూర్చున్నాను, హార్మోనియం ముందేసుకుని ఒక్క స్వరం మీదే వేలు పెట్టి ఉండిపోయాను. అక్కకు ఫోన్ చేయాలంటే భయం. ఆ జబ్బులో గొంతు కూడా సన్నబడుతుంది, అక్క గొంతులో అది వినవలసి వస్తుందని. చర్చిలో పాట ఎత్తుకుంటే అక్క గొంతు రోడ్డు మీదికి వినిపించేది. ఈ మధ్య పాట ఎత్తుకోవడం మానేసిందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. కుర్రవాళ్ళకు అవకాశం ఇవ్వాలి కదా అని తనే చెప్పింది నాతో. నేను మెచ్చుకున్నాను కూడా.

కోదాడలో పరీక్షలు అక్క కూతురి ఇంటి వరండాలోనే పెట్టుకున్నాం. మాకోసం ఊరు విడిచి వచ్చి అక్కడ చుట్టాల ఇళ్ళలో ఉంటున్న మిర్యాలగూడ వాళ్ళు కొందరు వచ్చారు. మునుపు మా మీద కోప్పడ్డ మిల్లు ఆయన కూడా వాళ్ళలో ఉన్నాడు. సీసా మూత తీయగానే తల వెనక్కి తీసుకుని, "వారినీ! మా ఊరే గదా ఇది" అన్నాడు. మళ్ళీ మళ్ళీ వాసన చూసి, "ఇన్నేండ్ల సంది ఇట్ల కొడుతుందా మేడం మా దగ్గర?" అని ఆశ్చర్యపోయాడు. తర్వాత వచ్చినావిడ కూడా చెప్పింది. ఆ తర్వాత వచ్చినాయన కూడా. మేం అనుకున్నది నిజమైంది. ఇంకో రోజైతే నేను ఎగిరి గంతేసేదాన్ని. నాకు వాళ్ళెవరూ పట్టలేదు. వాళ్ళకు వచ్చినట్టే అక్కకూ రావాలి, అది ఒక్కటే నా తపన.

అందరూ వెళ్ళాక అక్క వచ్చి కూర్చుంది. కట్టుబాటు ప్రకారం నేను గుమ్మం పరదా చాటుకు వెళ్ళి సందులోంచి చూస్తున్నాను. తుంగతుర్తి అమ్మాయి సీసా తీసి మూత మీద చెయ్యి వేసింది. అక్క ఆ చేతి మీద తన చేయి పెట్టి ఆపింది.

"ఇగ సాలు తీయమ్మా. నువ్వు జర లోపలికి పోయి చాయ్ తాగు" అంది. ఆ అమ్మాయి వెళ్ళాక పరదా వైపు తిరిగి, "ఇటు రా చెల్లె" అని నన్ను పిలిచింది. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"నాకు వాసన రాక రెండు మూడేండ్లయితుంది. నువ్వు నన్ను ఏ ఊరు తిప్పినా రాదు. మీ బావకు ఎరుకే."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వే చెప్పినవ్ గదనే నాకు."

నాకు అర్థం కాలేదు. అక్క చెంగుతో బల్ల మీద నలకలు తుడుస్తూ, తరగతిలో పాఠం చెబుతున్నంత నిదానంగా చెప్పింది. "సూర్యాపేట కాలేజీల నీకు శాలువ కప్పిన్రు సూడు. అప్పుడు మాట్లాడినవ్. ముక్కు పనిజేయకపోతే ముందుముందు ఏమేం రావచ్చునో ఒక్కొక్కటి చెప్పుకుంట పోయినవ్. శానా మంచిగ చెప్పినవ్. నాకు మొత్తం సమజైంది. అప్పటికే నాకు వాసన పోయింది. అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను గూడ కొట్టిన."

ఆ రోజు అక్క ముందు వరుసలోనే కూర్చుంది. నాకు బాగా గుర్తుంది. మంచి నీలం చీర కట్టుకొచ్చిందని వేదిక మీద నుంచి చూసి సంతోషించాను. ఆ తర్వాత ఇద్దరం ఫోటో దిగాం. ఆమె మొహం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా చీరే గుర్తొస్తోంది.

"అయితే అది విని ఊకుంటరా? డాక్టరు దగ్గరికి పోవద్దా?" అన్నాను. కోపంగా అన్నాను. నాకు ఏడుపు వచ్చినప్పుడు కోపమే ముందు వస్తుంది.

"పోతే నీకు తెల్వకుండ ఉంటదా? తెలిస్తే నువ్వు చెల్లె లెక్క ఉండవ్. ఇగ నేను కూసున్నా, నిలబడ్డా నన్ను సూస్తనే ఉంటవ్, గా రోజు కంచాలు తెస్తుంటే సూసినవ్ సూడు, గట్ల" అంది. ఆ సాయంత్రం నేను చూసిన చూపు ఆమె చూసిందన్నమాట. అక్కే లేచి నా తల మీద చెయ్యి వేసి, "సరే తీ. ఎక్కడికి పోదామంటే అక్కడికి పోదాం" అంది.

హైదరాబాదులో నాకు బాగా తెలిసిన నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అక్కను వేళ్ళు టకటకా కలపమన్నాడు, చేతులు తిప్పి చూశాడు, వరండాలో నడిపించి వెనక్కి తిరగమన్నాడు. అంతా అయ్యాక కూర్చుని నాతో ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు. మేమిద్దరం అలాగే మాట్లాడుకుంటాం, అలవాటు. అక్క కాసేపు విని, "సారూ, పేషెంటును నేను. నాకు చెప్పున్రి" అంది. ఆయన ఎర్రబడి, కుర్చీ అటు తిప్పుకుని తెలుగులో చెప్పాడు. నడకను బిగించే ఆ జబ్బే. మొదట్లోనే ఉంది. మందులతో చాలాకాలం మామూలుగా ఉండొచ్చు. రోజూ నడవాలి, గట్టిగా చదవాలి, పాడాలి. వాసన మాత్రం తిరిగి రాదు. అక్క ఒక్కొక్కదానికీ తలూపింది. మాత్రలు అన్నానికి ముందా తర్వాతా అని అడిగింది.

తిరిగి వచ్చేటప్పుడు కారు నేనే నడిపాను. అక్క నా పక్కన, బావ వెనక సీట్లో. నార్కట్‌పల్లి దాటి నల్లగొండ వైపు తిరిగేసరికి బావ నిద్రపోయాడు. ఆ మధ్య ఎన్ని రాత్రులు నిద్రపోలేదో పాపం. అక్క దారిలో కనిపించిన ప్రతిదాని గురించీ మాట్లాడుతూనే ఉంది. ఈ బడిలో ఫలానా ఏడు పనిచేశాను, ఈ మలుపు దగ్గర మా బస్సు చెడిపోయింది అని. వేములపల్లి దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకు రెండు పక్కలా వరి పొట్టకొచ్చి ఉంది. అక్కడ ఆమె మాట ఆగింది.

"చెల్లె, సారు చెప్పినట్టు చెప్పకు. నువ్వు చెప్పు. ఇంక ఎన్నేండ్లు నా పని నేను చేసుకుంట?"

ఒక్కొక్కరిలో ఒక్కో రకంగా ఉంటుంది, మందులు బాగా పనిచేస్తున్నాయి, ఇప్పుడే ఏదీ చెప్పలేం. పరిశోధన కోసం కలిసిన ఎన్ని కుటుంబాలకు చెప్పి ఉంటానో ఆ మాటలు. నోటిదాకా వచ్చాయి కూడా. అవన్నీ నిజమే. పక్కన కూర్చున్నది మా అక్క.

"నాకు తెల్వదక్కా" అన్నాను. తెలియదన్న మాట ఎన్నేళ్ళ తర్వాతో నా నోట వచ్చింది.

అక్క కారు అద్దంలోంచి బయటికి చూసింది. పక్కన కాలువ నిండుగా పారుతోంది. తర్వాత మెల్లగా, బావకు వినిపించకూడదన్నట్టు, "నాకు భయమైతుందే" అంది.

మా ఇంట్లో ఆ మాట ఎప్పుడూ నాదే. మొదటిసారి హాస్టలుకు వెళ్ళేటప్పుడు నాకు భయం, ఇంటర్వ్యూకు భయం, కాన్పుకు భయం. ప్రతిసారీ తీసుకెళ్ళి అక్క దగ్గరే చెప్పుకున్నాను. ఆమెకు కూడా ఉంటుందని, ఉంటే ఎవరికి చెప్పుకుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. కారు పక్కకు తీసి ఆపాను. ఇంజను కూడా ఆపేశాను. "నాక్కూడా భయమైతుందక్కా" అన్నాను. ఆమె తన కుడిచేయి నా చేతిలో పెట్టింది. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ఎందరి చేతుల్లోనో ఆ వణుకును కొలిచినదాన్ని, మా అక్క చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చున్నాను.